డైరెక్టర్ నందిని ఏ సినిమా తీసింది?

దున్నపోతులను ముస్తాబు చేసి ఊరేగించే సదర్ పండుగకు ముందురోజు పొద్దున, హైదరాబాద్ కార్వాన్‌లో సబ్జీమండి మూలమీద ఒక ఫ్లెక్సీ లేచింది. అందులో ఒక పక్క బీరయ్య ఇంటి దున్నపోతు బాద్షా, మెడనిండా గవ్వల దండలతో, కొమ్ములకు నెమలీకలతో. ఇంకో పక్క బీరయ్య కూతురు నందిని, నల్లకళ్లద్దాలు పెట్టుకుని, చేతిలో వాకీటాకీతో. రెండు ఫొటోలూ ఒకే సైజు. నిజం చెప్పుకోవాలంటే బాద్షాదే కొంచెం పెద్దది. కింద ఎర్రటి అక్షరాలు: ‘మన కార్వాన్ ఆడబిడ్డ డైరెక్టర్ నందిని గారికి శుభాకాంక్షలు.’

ఆ ఫ్లెక్సీ వేయించినవాడు నందిని తమ్ముడు బబ్లూ. అక్క దేనికి డైరెక్టరో, ఏ కంపెనీలో డైరెక్టరో అందులో లేదు. వేయిద్దామనే అనుకున్నాడట గానీ, బాద్షా కొమ్ములు అడ్డమొచ్చాయట.

పొద్దెక్కేసరికి బీరయ్య వాకిట్లో జనం. ముందుగా వచ్చింది వెనకగల్లీ నాగమణమ్మ, మనవరాలు శ్రీహితను రెక్కపట్టుకుని. నందిని అప్పుడే చాయ్ గ్లాసు అందుకుని బర్రెల కొట్టం ముందు స్టూలు మీద కూర్చుంది.

“ఏందే నందినీ, ఇంత పెద్దదానివైతివి, మాకొక్క మాటన్న చెప్పకపోతివి!” అని మొదలుపెట్టింది నాగమణమ్మ. “మా శ్రీహితను జర నీ పిక్చర్ల పెట్టుకో. ఏడ్సుడు మస్తు ఏడుస్తది. ఏయ్, ఏడ్వవే అక్క ముంగట!”

శ్రీహిత నిజంగానే ఏడ్చింది. కళ్లనుంచి బొటబొటా నీళ్లు. నందినికి చాయ్ ముక్కులోకి ఎక్కింది.

ఆ వెనకే టప్పాచబుత్రలో జిమ్ము నడిపే మనిషొకడు వచ్చి, చొక్కా చేతులు పైకి మడిచి, విలన్ వేషానికి పనికొస్తాడో లేడో చూడమన్నాడు. దర్జీ ఒకాయన హీరోయిన్ జాకెట్లన్నీ తానే కుడతానన్నాడు. నందిని నవ్వు ఆపుకుని, చెయ్యెత్తి, అందరికీ వినపడేలా చెప్పింది.

“నేను సినిమా డైరెక్టర్ని గాదు. గనుల కంపెనీల డైరెక్టర్ని. భూమిల నుంచి మాంగనీసు రాయి దీస్తం. దాన్ని ఉక్కుల కలుపుతరు.”

నాగమణమ్మ ఆమెవైపు జాలిగా చూసింది. “తవ్వుడు పనా? గంత సదువు సదివి?” అని, అంతలోనే ఏదో తట్టినట్టు గొంతు తగ్గించింది. “సమజైంది బిడ్డా. పిక్చర్ రిలీజయ్యేదాంక గట్లనే చెప్పాలెనేమో. నేనెవ్వరికి చెప్ప, ఫికర్ జెయ్యకు.”

మధ్యాహ్నానికి జియాగూడ దాకా తెలియని వాళ్లు లేరు.

నిజానికి నందిని చేసే పని సినిమాకంటే ఎక్కువ చప్పుడు చేసేదే. అది ఆమెకు తొమ్మిదో తరగతిలో అంటుకుంది.

బీరయ్యది తాతల కాలంనుంచీ పాల వ్యాపారం. నందిని బడికి వెళ్లేముందు తండ్రి మోపెడ్ వెనక, పాలక్యాన్ల మధ్య ఇరుక్కుని కూర్చుని, పురానాపూల్ దాకా ఇళ్లకు పాలు పోసి వచ్చేది. ఒక ఆదివారం ఊరి శివార్లలోని రాళ్ల క్వారీలో ఏదో పూజ ఉందని, పాలు కావాలని కబురొచ్చింది. బీరయ్య బయలుదేరాడు, వెనక నందిని. వాళ్లు చేరేసరికి సైరన్ మోగుతోంది. ఎర్రజెండా పట్టుకున్న మనిషొకడు “ఆగుండ్రి, మందు పెట్టిండ్రు!” అని అరుస్తూ ఇద్దరినీ లారీ చాటుకు తోశాడు.

బీరయ్య కళ్లు మూసుకున్నాడు. నందిని మూసుకోలేదు. దూరంగా నిలువెత్తు రాతిగోడ. అది ఒక్కసారి పొట్ట ఉబ్బించింది. తర్వాత తలనుంచి పాదాల దాకా వదులై, ఏ తొందరా లేకుండా కూలబడింది. చప్పుడు ఆ తర్వాత వచ్చింది. కాళ్లకింది నేలలోంచి వచ్చి, మోకాళ్లలో దూరి, పళ్లలో గిలిగింతలు పెట్టి పోయింది. దుమ్ము తేరేసరికి బీరయ్య చేతిలోని క్యాను నేలమీద దొర్లుతోంది, కూతురు పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

“బాపూ, మళ్లెప్పుడు పేలుస్తరంట?”

“పాలన్ని మట్టిపాలాయె. నీకు నవ్వులాటయిందా?”

“ఒక్కపారి అడుగు బాపూ!”

ఆ నవ్వు కార్వాన్ వచ్చేదాకా ఆగలేదు. ఇంట్లో తల్లి బాలమ్మకు ఆ కొండ ఎలా కూర్చుందో తానే కూర్చుని చూపించింది. అన్నం తినేటప్పుడు మళ్లీ చూపించింది.

ఎంసెట్ రాశాక కౌన్సెలింగ్‌లో నందిని మైనింగ్ సీటు కోరుకుంది. బల్లవెనక కూర్చున్న పెద్దమనిషి కళ్లద్దాలు సవరించుకుని, “అమ్మా, ఇది మైనింగ్. మెకానికల్ అనుకుని రాసినవా?” అని అడిగాడు. కాదంది. “బంగారం లాంటి ర్యాంకు వచ్చింది గదమ్మా” అన్నాడు. “బంగారం గూడ తవ్వితేనే వస్తది సార్” అంది నందిని. ఆయన నవ్వి ముద్ర గుద్దాడు.

ఇంట్లో లొల్లి లొల్లి అయింది. “రొట్టె గుండ్రంగ చేయరాదు గని, కొండలు పేలుస్తదంట!” అని బాలమ్మ గోల. బీరయ్య మాత్రం బర్రె వీపు మీద చెయ్యివేసి చాలాసేపు ఆలోచించి తీర్పు చెప్పాడు. “మన కార్వాన్ల ఒకప్పుడు వజ్రాలు అమ్మిండ్రంట. ఎవడో తవ్వితేనే గద అమ్మింది. పోనీయ్, తవ్వనీయ్.”

కొత్తగూడెం కాలేజీలో ఆ ఏడు మైనింగ్ క్లాసులో ఆడపిల్ల ఆమె ఒక్కతే. చదువుకు ఇబ్బంది రాలేదు. ఇబ్బందంతా గని చూపించడానికి తీసుకెళ్లినప్పుడే. మగపిల్లలంతా టోపీలకు లైట్లు తగిలించుకుని లోపలికి దిగేవాళ్లు. భూగర్భ గనిలోకి ఆడవాళ్లు దిగకూడదని అప్పటి చట్టం. నందిని పైన, లైట్లు ఇచ్చే గదిలో కూర్చునేది. అక్కడి ముసలి ఉద్యోగి ఆమెకు చాయ్ పోసి, టోపీ లైటు విప్పి బిగించడం నేర్పాడు. పిల్లలు పైకి రాగానే నందిని వాళ్లమీద పడేది. లోపల వేడిగా ఉంటుందా, చల్లగా ఉంటుందా? నీళ్లు ఎటు పారుతున్నాయి? వాసన ఎలా ఉంది? వాళ్లకు సగం గుర్తుండేది కాదు. “వాసన జూసి రమ్మంటె రాళ్లు జూసొచ్చిండ్రు!” అని తిట్టేది.

చదువయ్యాక మాణిక్యధార మినరల్స్ అనే కంపెనీలో ఉద్యోగం దొరికింది. మొదట తాండూరు దగ్గర సున్నపురాయి తవ్వే చోట వేశారు. అది ఆకాశం కిందే తవ్వే గని గనక చట్టం అడ్డుకోలేదు. తన చేతులతో మొదటిసారి రాతిగోడ పేల్చిన రోజు నందిని నవ్వు వైర్‌లెస్‌లో గని మొత్తం వినపడింది. బటన్ వదలడం మరిచిపోయిందట. ఆ తర్వాత కొన్నాళ్లపాటు లారీ డ్రైవర్లు ఆమె కనపడగానే హారన్ బదులు నవ్వేవాళ్లు.

పెళ్లిచూపులు మొదలయ్యాయి. ఒకరు నైట్ షిఫ్టులు ఉంటాయా అని అడిగారు, ఇంకొకరు ఎండకు నల్లబడ్డ రంగు మళ్లీ తెల్లబడుతుందా అని అడిగారు. ధూల్‌పేట్‌లో వినాయక విగ్రహాల వాళ్లకు రంగులమ్మే దుకాణం నడిపే అక్షయ్ కూడా ఒక శుక్రవారం వచ్చాడు. పెద్దవాళ్లు ఇద్దరినీ మాట్లాడుకోమని మేడమీదికి పంపారు. అతను కాసేపు కాళ్లవైపు చూసుకుని, “మీరేమనుకోకుంటె ఒక్కటడగనా?” అన్నాడు. నందిని గుండె రాయి చేసుకుంది.

“కొండ పేల్చేటప్పుడు మందు పెట్టిన రంధ్రాలల్ల ముందుగాల ఏది పేలుతది? అన్ని ఒక్కసారేనా, ఎన్కముందరనా?”

నందిని చాక్‌పీసు తెచ్చి మేడమీద బొమ్మ గీసింది. మొదటి వరుస, రెండో వరుస, ఒక్కోదానికీ మధ్య కన్నుమూసి తెరిచేంత ఎడం. అతను మోకాళ్లమీద కూర్చుని చూశాడు. కింద చాయ్ రెండుసార్లు చల్లారింది. చివరికి బాలమ్మ పైకి వచ్చి చూస్తే, పెళ్లికొడుకు నోటితో “ఢాం, ఢాం” అంటున్నాడు, పెళ్లికూతురు “గంత తొందరగ గాదు” అని దిద్దుతోంది. ముహూర్తం ఆ వారమే పెట్టారు.

పెళ్లయ్యాక కంపెనీ ఆమెను హైదరాబాద్ ఆఫీసుకు మార్చింది. ఆదిలాబాద్ అవతల, మహారాష్ట్ర సరిహద్దులో వాళ్లకు సావర్‌ఖేడ అని ఒక మాంగనీసు గని ఉంది. భూమి అడుగున, లోతుగా. ఆ గనికి మ్యాపులు గీయడం నందిని పని. ఎటువైపు సొరంగం తవ్వాలి, పైకప్పు కూలకుండా ఎక్కడ రాతిస్తంభం వదలాలి, గాలి ఎలా తిరగాలి, అన్నీ ఆమె గీతలే. ఏళ్ల తరబడి గీసింది. ప్రతి మలుపూ నోటికి వచ్చు. కానీ ఒక్కసారి కూడా దిగలేదు. పనిమీద సావర్‌ఖేడ వెళ్లినప్పుడల్లా గనిలోకి దిగే బావి నోటి దగ్గర ఆగిపోవాలి. కేజ్ అని పిలిచే ఇనుప లిఫ్టులో మనుషులు దిగిపోతుంటే, తాడు వణకడం ఆగేదాకా చూస్తూ నిలబడేది. ఆ కాసేపు మాత్రం ఆమెకు నవ్వు వచ్చేది కాదు.

2019 మొదట్లో ఆ నియమం మారింది. ఆడవాళ్లు కూడా భూగర్భ గనుల్లో పనిచేయవచ్చన్నారు. ఆ వార్త చదివేటప్పుడు నందిని ఆఫీసుకు బయలుదేరి పురానాపూల్ వంతెన మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉంది. కారు దిగి, పక్కనున్న ఆటో అతనితో, “భాయ్, మై నీచే ఉతర్ సక్తీ! నేను కిందికి దిగొచ్చింక!” అంది. అతను మూసీలోకి తొంగిచూసి భయపడిపోయి, “నక్కో మేడం, నక్కో! ఐసా నక్కో సోచో!” అని చెయ్యి పట్టుకున్నాడు.

సావర్‌ఖేడలో మేనేజర్ అమరనాథ్. మంచి మనిషి, పనిమంతుడు, కానీ నవ్వు ఆయన డ్యూటీలో లేదు. “మేడం, నా వెనకాలే రండి. అడుగు చూసి వేయండి” అని హెచ్చరించి కేజ్ ఎక్కించాడు. తలుపు పడింది. నేల జారింది. నందిని కడుపు మాత్రం పైనే ఉండిపోయింది. గాలి చెవుల్లో ఈల వేసింది. కిందికి చేరి తలుపు తెరవగానే చీకటి, చల్లదనం, తడిసిన ఇనుము వాసన. “గిదా వాసన!” అని గట్టిగా పైకే అంది.

అక్కడినుంచి అమరనాథ్ వెనక ఉన్నాడు, ఆమె ముందు. “ఇక్కడ ఎడమకు తిరిగితే పంపు ఉంటది” అనేది, పంపు ఉండేది. “ముంగట స్తంభం, అది దాటితే వాలు.” దాటితే వాలు. ఏళ్లుగా కాగితం మీద గీసిన గీతలన్నీ లేచి గోడలై నిలబడినట్టుంది ఆమెకు. వంపు తిరిగినచోటల్లా గోడను చేత్తో చరిచి, “నువ్వేనా!” అంటూ పోయింది. వెనక వచ్చే కార్మికులు ఒకరినొకరు చూసుకుని తామూ చరిచారు. పైకొచ్చాక చూసుకుంటే అందరి అరచేతులూ బొగ్గులా నల్లగా ఉన్నాయి.

మూడేళ్లు గడిచాయో లేదో, సావర్‌ఖేడకు గడ్డుకాలం వచ్చింది. లోపల రాతిలో మాంగనీసు ఒక నల్లటి చారలా సాగుతుంది. ఆ చార వెంటే తవ్వుకుంటూ పోతారు. ఒకరోజు అది ఉన్నట్టుండి తెగిపోయింది. ఎదురుగా ఉత్త బూడిదరంగు రాయి. అటు తవ్వారు, ఇటు తవ్వారు, లేదు. హైదరాబాద్ ఆఫీసులో మీటింగ్ పెట్టారు. చైర్మన్ సోమశేఖర్ తరతరాల వ్యాపారుల ఇంటి మనిషి. మాట పొదుపు.

“మూసేద్దాం” అన్నాడు.

“సార్, చార అయిపోలే. కిందికి జారింది” అంది నందిని.

అందరూ ఆమెవైపు తిరిగారు. ఆమె ప్లేట్లోంచి ఉస్మానియా బిస్కెట్ తీసుకుని, దానిమీద పెన్నుతో ఆ చివరనుంచి ఈ చివరదాకా గీత గీసింది. “ఇది మన చార.” బిస్కెట్‌ను మధ్యకు విరిచింది. “ఎప్పుడో ఇక్కడ నేల పగిలింది.” ఒక ముక్కను కొంచెం కిందికి జరిపింది. “పగిలి, ఆ పక్కంతా దిగిపోయింది. మనం ఈ ముక్కల నిలబడి ఎదురుంగ చూస్తున్నం. చార మన కాళ్ల కింది దిక్కున్నది. నా మ్యాపులల్ల నీళ్లు ఊరే జాగాలన్ని ఒక్క లైన్ల ఉన్నయి సార్. ఆ పగులు అదే.”

సోమశేఖర్ ఆ రెండు ముక్కలనూ చాలాసేపు చూశాడు. “తప్పయితే?”

“తప్పయితే ఇంటికి పోయి పాలు పోస్కుంట సార్. మా బాపు ఎప్పటిసంది మనిషి కావాలంటుండు.”

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. సోమశేఖర్ నవ్వకుండా జరిపిన ముక్కను తీసుకుని చాయ్‌లో ముంచి తినేశాడు. సిరా గీతతో సహా. “వానలు పడేదాకా టైమిస్తున్న. తవ్వు” అన్నాడు. పెదవి మీద నీలం అంటుకుంది. చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

కిందికి వాలుగా కొత్త సొరంగం తవ్వడం మొదలైంది. వారం తర్వాత వారం బూడిదరంగు రాయే. నందిని కార్వాన్‌కు అప్పుడప్పుడు మాత్రమే వచ్చేది. వచ్చినప్పుడు బీరయ్య, “ఏమాయె, బర్రెల కాడికి ఎప్పుడొస్తున్నవ్?” అని ఆటపట్టించేవాడు. మృగశిర దగ్గరపడుతుండగా, ఒక మధ్యాహ్నం డ్రిల్లు మిషన్ పక్కన నందిని నిలబడి ఉంది. రంధ్రంలోంచి కారే బురదనీళ్లు బూడిదరంగులో ఉన్నవి చూస్తుండగానే చిక్కబడ్డాయి. ముదిరాయి. ఒక్కసారి నల్లగా చిమ్మి ఆమె మొహం నిండా పడ్డాయి.

డ్రిల్లు ఆపారు. నందిని మొహం తుడుచుకుని, వేళ్లు లైటు ముందు పెట్టుకుని చూసింది. నిగనిగలాడే నలుపు. “అమరనాథ్ సార్” అంది. అంతే, సొరంగం కేకలతో ఊగిపోయింది. ఎవరో పార మీద దరువు మొదలుపెట్టారు. కార్వాన్ బిడ్డకు తీన్‌మార్ వినపడితే కాళ్లు ఆగుతాయా? గమ్‌బూట్లతో, బురదలో, హెల్మెట్ జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని నందిని ఎగిరింది. అమరనాథ్ తన హెల్మెట్ తీసి, మొహం గంటు పెట్టుకునే దాని మీద దరువు వేశాడు. ఒక్కటీ తప్పలేదు.

ఆ ఏడూ, ఆ మరుసటేడూ సావర్‌ఖేడ ఆ కంపెనీని నడిపింది. నందిని జనరల్ మేనేజర్ అయింది. నిరుడు దసరా దాటాక సోమశేఖర్ ఆమెను పిలిచి, గనులన్నీ చూసుకునే డైరెక్టర్‌గా బోర్డులోకి తీసుకుంటున్నామని చెప్పాడు. ఆమె ఇంట్లో చెప్పింది. బబ్లూ ఫ్లెక్సీ కొట్టించాడు. ఆ తర్వాత వాకిట్లో ఏం జరిగిందో చెప్పుకున్నదే.

సదర్ రోజు సాయంత్రం ఇంకా ఎక్కువైంది. బాద్షాకు నూనె రాసి, పూలు కట్టి తెచ్చారు. డప్పుల మధ్య వాడు ముందరికాళ్లు ఎత్తి నిలబడితే జనం కేకలు పెట్టారు. మైకు పట్టుకున్నతను ఆ ఊపులోనే, “మన ఇండస్ట్రీల పెద్ద డైరెక్టర్, నందిని అక్క! అక్క కొత్త పిక్చర్ సూపర్ హిట్ కావాలె!” అని అరిచాడు. ఈలలే ఈలలు. నందిని తల పట్టుకుని నవ్వుతోంది. బాలమ్మ మాత్రం కొంగు బిగించి విసవిసా మైకు దగ్గరికి నడిచింది, మైకు లాక్కుంది, నోరు తెరిచింది. మళ్లీ మైకు ఇచ్చేసి వచ్చేసింది.

ఇంటికొచ్చాక కూతురు పక్కన కూలబడింది. “నా బిడ్డ సినిమా తియ్యదు అని చెప్దామనుకున్న. మరేం జేస్తది అంటె ఏం చెప్పాలె? నువ్వు యాడికి దిగుతవో, యాడ తిరుగుతవో నాకేం ఎరుక? పేపర్ల ఫొటో తప్ప నేనేం సూసిన?”

నందిని నవ్వు ఆగింది. తల్లి చెయ్యి తీసుకుంది. “మరి నాతోని వస్తవా?”

“బర్రెలను ఎవరు సూస్తరు?”

“బాపు ఉన్నడు. బబ్లూ ఉన్నడు. ఫ్లెక్సీలు కొట్టిచ్చే టైమున్నోడికి పాలు పిండే టైముండదా?”

అనుమతులన్నీ తీసుకుని, నెల తిరిగేలోగా నందిని తల్లిని సావర్‌ఖేడ తీసుకెళ్లింది. అక్షయ్ కారు నడిపాడు. వెనక సీట్లో బాలమ్మ, ఒళ్లో పెద్ద డబ్బా నిండా దూద్‌పేడాలు. సొంత బర్రెల పాలతో చేసినవి. గేటు దగ్గర తనిఖీ చేసే మనిషి ఆమె సంచిలోంచి అగరొత్తులు, అగ్గిపెట్టె బయటికి తీశాడు.

“అగ్గిపెట్టె లోపలికి పోదమ్మా. రూలు.”

“మైసమ్మకు వత్తి ముట్టియ్యనీకి గూడ రూలేనా? దేవత కంటె పెద్దోడివా నువ్వు?”

అతను బెదిరి డైరెక్టర్ వైపు చూశాడు. డైరెక్టర్ ఆకాశంవైపు చూస్తోంది. చివరికి పైనే వత్తి ముట్టించి, కొబ్బరికాయ కొట్టారు.

చీర గోచీ పోసి కట్టుకుంది బాలమ్మ. కాళ్లకు గమ్‌బూట్లు. కొప్పుమీద హెల్మెట్ కూర్చోకపోతే కొప్పు విప్పి జడ వేసుకుంది. కేజ్ తలుపు పడగానే కూతురి నడుం రెండు చేతులతో వాటేసుకుంది. నేల జారింది. బాలమ్మ కేక బావి మొత్తం మోగింది. సగం దూరం పోయేసరికి ఆ కేక ఎప్పుడు మారిందో ఏమో, కిందికి చేరేసరికి అది నవ్వు. కళ్లల్లోంచి నీళ్లు కారేలా నవ్వు.

“నుమాయిష్ ఎగ్జిబిషన్‌ల జాయింట్‌వీల్ లెక్కనే ఉన్నది గదనే! ఇంకొక్కపారి దించుమను!”

“ముందుగాల గని సూడమ్మా.”

చూసింది. ప్రతి గోడనూ తట్టింది. ఈ చారేనా, ఇందుకేనా ఇంత లొల్లి అంది. మన నెత్తిమీద ఏమున్నదంటే సోయా చేను అని చెబితే పైకి చూసి చేతులు జోడించింది. కనపడ్డ ప్రతి కార్మికుడికీ దూద్‌పేడా పెట్టింది. అమరనాథ్‌కు రెండు పెట్టి, “నవ్వు బిడ్డా, గింత తియ్యగున్నది నోట్ల” అంది. ఆయన నవ్వాడు. చూసినవాళ్లు ఆ సంగతి పైన చెబితే ఎవరూ నమ్మలేదు.

జుట్టంతా నెరిసిన కార్మికుడొకడు పేడా నోట్లో వేసుకుంటుంటే బాలమ్మ అడిగింది. “మీ ఇంటామె ఎప్పుడన్న సూసిందా నాయనా ఇదంత?”

“లేదమ్మా. సుందరమ్మ అడుగుతనే ఉంటది, లోపల ఏముంటదయ్యా అని. చీకటుంటది అని చెప్త.”

“గంతేనా చెప్పేది?”

“గంతకంటె ఏం చెప్పాలమ్మా?”

బాలమ్మ కూతురివైపు తిరిగింది. “నువ్వు డైరెక్టర్‌వంటివి గద. మరి ఆమెను గూడ దించు. ఆమె ఒక్కతేం పాపం జేసింది, అందర్ని దించు!”

చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. కానీ నవ్వుతూనే నందిని మొహంవైపు చూశారు. ఆ చూపు ఆమెకు తెలుసు. బావి నోటి దగ్గర తాను ఏళ్లపాటు నిలబడి చూసిన చూపు అది.

డైరెక్టర్‌గా బోర్డు ముందు నందిని పెట్టిన మొదటి ప్రతిపాదన అదే. ఏడాదికి ఒకరోజు తవ్వకం ఆపి, కార్మికుల ఇంటివాళ్లను గనిలోకి తీసుకెళ్లాలి. బీమా ఎవరు కడతారన్నారు ఒకరు. కాలు జారితే అన్నారు ఇంకొకరు. అన్నింటికీ ఆమె దగ్గర జవాబు ఉంది. ఎవరు ఏ దారిలో వెళ్తారో, ఎక్కడ తాళ్లు కడతారో, ఎవరి వెంట ఎవరుంటారో అన్నీ మ్యాపు గీసి తెచ్చింది. సోమశేఖర్ అంతా విని, “మా ఆవిడ కమల గూడ రావొచ్చా? పెండ్లయినప్పటి నుంచి అడుగుతున్నది” అన్నాడు.

ఇంటివాళ్లు దిగే ఆ రోజు సావర్‌ఖేడ బావి దగ్గర జాతర అయింది. పట్టుచీరలు, వాటిమీద కాకీ కోట్లు, జడల్లో కనకాంబరాలు, పైన హెల్మెట్లు. అమరనాథ్ చిన్నసైజు గమ్‌బూట్ల కోసం నాలుగు ఊళ్లు తిరిగాడట. కమల గారు ఒక కాలికి కొంచెం పెద్దది, ఒక కాలికి కొంచెం చిన్నది వేసుకుని కూడా మహా సంబరంగా నడుస్తున్నారు. కార్వాన్ నుంచి బాలమ్మ ముందురోజే వచ్చి కూర్చుంది. అందరికంటే ముందు హెల్మెట్ పెట్టుకుని, కేజ్ దగ్గర నిలబడి, తెలుగులో తెలుగువాళ్లకు, తన హైదరాబాదీ ఉర్దూలో మరాఠీవాళ్లకు చెబుతోంది. “కడ్పుల జర జారినట్టయితది, ఫికర్ చెయ్యకుండ్రి! అరే, పకడ్ లేవ్ నా అమ్మా, డర్నేకా నహీ! అరవాలనిపిస్తె అరవుండ్రి, మంచిగుంటది!”

అరిచారు. ఒక్కో కేజ్ దిగుతుంటే బావిలోంచి కేకలు, ఆ వెనకే నవ్వులు. కింద ఎదురుచూస్తున్న మగవాళ్లు జుట్టు దువ్వుకుని, ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, పెళ్లికొడుకుల్లా సిగ్గుపడుతూ నిలబడ్డారు.

సుందరమ్మ దిగి, భర్త చూపించిన ప్రతిదీ చూసింది. అతను పనిచేసే చోటు, కూర్చుని అన్నం తినే రాయి, తాగే నీళ్ల కుండ. ఏమీ మాట్లాడలేదు. అతనికి కంగారు పుట్టింది. “ఏమాయెనే? భయమైతుందా?”

సుందరమ్మ నడుంమీద చేతులు పెట్టుకుంది. “గింత సల్లగుంటదా ఈడ? ఇన్నేండ్ల సంది నేను మండుటెండల పత్తి ఏరుతుంటె, నువ్వు గీ సల్లదనంల ఉంటున్నవా? పైగ ఇంటికొచ్చి అలిసిన, కాళ్లు వట్టుమంటవా?”

నవ్వు ఒక సొరంగంలోంచి ఇంకో సొరంగానికి పాకింది. మాట వినపడనివాళ్లు కూడా నవ్వు విని నవ్వారు. ప్రతి ఆడమనిషీ తన మగడివైపు తిరిగి అదే అడగడం మొదలుపెట్టింది. మగవాళ్లు ఫ్యాన్ల చప్పుడు, దుమ్ము, బరువులు అంటూ ఏవేవో చెప్పబోతున్నారు, ఎవరూ విననివ్వడం లేదు.

నందిని గోడకు ఆనుకుని, నవ్వలేక, నిలబడలేక, ట్రాలీ పట్టాల మీద కూర్చుండిపోయింది. లైటు ముక్కుమీదికి జారింది. ఆమె ఇంటివాడిగా దిగిన అక్షయ్ లేపబోయి తనూ పక్కన కూర్చున్నాడు. అవతల కేజ్ దగ్గర బాలమ్మ గొంతు ఖంగున మోగుతోంది.

“అయిందా నవ్వుడు? జరుగుండ్రి, జరుగుండ్రి! పైన ఇంకో జట్టు నిలబడ్డది!”